రెండో తూకం

కెంచప్ప చనిపోయి రేపటికి ఏడాది. మా ల్యాబు తూకం మాత్రం ఆ సంగతి ఒప్పుకోవడం లేదు.

అది గ్రాములో పదివేలో వంతును కూడా చూపించే తూకం. పక్కన ఎవరైనా గట్టిగా ఊపిరి వదిలినా చివరి అంకె ఊగుతుంది. కెంచప్ప ఇనుము కరిగించే ఫర్నేస్ దగ్గరి మనిషి. ఇనుము నమూనా పట్టుకొచ్చి బల్ల పక్కనే నిలబడేవాడు. "ఊపిరి బిగబట్టు కెంచప్పా, లేదంటే బయటికి నడువు" అని కసిరేదాన్ని. బుగ్గలు పూరించుకుని నిలబడి, అంకె ఆగాక, "పాసేనామ్మా?" అని అడిగేవాడు. ఇప్పుడు గదిలో నేనొక్కదాన్నే ఉన్నా, తలుపులు మూసినా, ఫ్యాను ఆపినా ఆ చివరి అంకె ఆగదు. బాగుచేసే అతన్ని బెంగళూరు నుంచి రెండుసార్లు పిలిపించాను. తూకంలో ఏ లోపమూ లేదన్నాడు. లోపం ఎక్కడుందో నేను అతనికి చెప్పలేదు.

నా పేరు ప్రతిభ. పదార్థాల రసాయనం చదివి ఇరవై ఆరేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. తోరణగల్లు పోయే దారిలో, పెద్ద ఉక్కు ప్లాంటు బస్సులు దుమ్ము లేపుకుంటూ దాటిపోయే చోట ఉన్న చిన్న పోత ఫ్యాక్టరీ మాది. ఏ ఇనుములో ఏముంది, ఏ ఇటుక ఎంత వేడికి నిలుస్తుంది అని తేల్చేది నేనే. మా నాన్న శంకరనారాయణకు బళ్లారి కౌల్ బజార్‌లో ఇత్తడి సామాన్ల అంగడి ఉండేది. ఆయన ఏ బిందెనైనా రెండుసార్లు తూచేవాడు. గిరాకీ ఎంత గొణిగినా వినేవాడు కాదు. అంత పెద్ద చదువు చదివి నేను నేర్చుకున్నదీ అదే.

ఫర్నేస్ లోపలి గోడకు తెల్లటి పొడి దట్టించి కూరుతారు. అందులో తడి ఉండకూడదు. ఉంటే వేడికి ఆవిరై పేలుతుంది. అందుకని ప్రతి లోడు నుంచీ కొంచెం తీసి, ఓవెన్‌లో ఎండబెట్టి తూచాలి. మళ్లీ ఎండబెట్టి మళ్లీ తూచాలి. రెండు తూకాలూ ఒకటైతేనే ఉన్న తడి అంతా బయటికి వచ్చేసినట్టు, అప్పుడే లెక్క సరైనట్టు.

పోయిన ఏడాది ముసురు పట్టిన వారంలో ఒక లోడు వచ్చింది. ఆ సాయంత్రం బళ్లారిలో నాకు సన్మానం. పాతికేళ్ల సేవకు శాలువా కప్పుతారట. ఆ తొందరలో ఒక్కసారే తూచాను. రిజిస్టర్లో రెండో తూకం గడిలో కూడా మొదటి అంకెనే దించి, పాస్ అని సంతకం పెట్టి, చీర మార్చుకోవడానికి పరిగెత్తాను. ఆ శాలువా తగలబడ!

వారం తిరక్కుండా ఫర్నేస్ పేలి కెంచప్ప చనిపోయాడు. అతనే అందులో తడి స్క్రాప్ ఇనుము వేశాడని విచారణలో రాశారు. మేడం సంతకం ఉన్నాక పొడిని అనుమానించేది ఎవరు? నేను నోరు మెదపలేదు. భయపడ్డాను అని చెప్పుకుంటే ఎవరైనా జాలిపడతారేమో గానీ, అది భయం కాదు, పొగరు.

అతని భార్య భీమక్కకు మా ల్యాబులోనే ఊడ్చే పని ఇచ్చారు. రోజూ పదకొండింటికి టీ తెచ్చి నా బల్ల మీద పెడుతుంది. ఏడాదిగా ఒకటే మాట.

"ఆయప్ప తడి ముక్క ఏసేటోడు కాదమ్మా. వాన పడితే ప్రతి ముక్కా చేత్తో తడిమి చూసేటోడు. మా బిడ్డ యశస్విని గూడా నా మాట నమ్మల్యా. చదువుకున్నోళ్లు మిషన్లో చూసి చెప్పినారు, అది అబద్ధం ఎట్లయితాది, నువ్వే సుళ్లు చెప్తాండావు అంటాది. వాళ్ల నాయన పటం తీసి పెట్టెలో ఏసినాది."

నేను తల వంచుకుని టీ తాగేదాన్ని.

ప్రతి లోడు నుంచీ ఒక సీసాడు పొడి తీసి, గాలి తగలకుండా మూతకు మైనం పోసి ఏడాది దాచడం మా పద్ధతి. గడువు తీరినవి నెలాఖరున పారేస్తాం. ఇవాళ పొద్దున భీమక్క ఆ సీసాలే బుట్టలో వేస్తూ ఒకటి ఎత్తి చూపింది.

"దీన్ని యాడ పారబోయల్లమ్మా?"

చీటీ మీద నా రాత, ఆ ముసురు లోడు తేదీ. పారబోస్తే ఇక ఎవరూ దేన్నీ రుజువు చేయలేరు. ఆ మాట అనుకోగానే నా మీద నాకే అసహ్యం వేసింది.

"ఈడ పెట్టు" అన్నాను.

మైనం గీకి, పొడి తూచి ఓవెన్‌లో పెట్టాను. రెండు గంటల తర్వాత తీసి, చల్లార్చి తూచాను. దాదాపు ఆనాటి అంకే వచ్చింది. ఆ రోజు ఇక్కడే లేచి వెళ్లిపోయాను. ఈసారి మళ్లీ లోపల పెట్టాను. భీమక్క చీపురు గోడకు ఆనించి వచ్చి బల్ల పక్కన నిలబడింది. సరిగ్గా కెంచప్ప నిలబడే చోటు. పొడిని రెండోసారి తూకంలో పెట్టేసరికి ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏంది భీమక్కా?"

"తూకం కాడ ఊపిరి తీస్తే మేడం తిడతాదని ఆయప్ప చెప్పేటోడు" అని, మళ్లీ ఊపిరి బిగబట్టింది.

అంకె ఆగింది. ఏడాదిలో మొదటిసారి కదలకుండా ఆగింది. మొదటి తూకం కన్నా చాలా తక్కువ. అంటే నేను పాస్ చేసిన పొడి నిండా ఇంకా తడే.

"పాసేనామ్మా?" అంది భీమక్క.

"ఫెయిలు. ఫర్నేస్ పేలింది ఈ పొడి వల్ల. ఆ రోజు నేను రెండోసారి తూచలేదు. నీ మొగుని తప్పేమీ లేదు భీమక్కా, తప్పు నాది."

ఆమె అరవలేదు. అరిచినా, కొట్టినా బాగుండేది.

"ఇన్ని దినాలు నా చేతి టీ తాగినావు కదమ్మా" అంది.

ఉన్నదంతా కాగితం మీద రాసి సంతకం పెట్టాను. విచారణ చేసినవాళ్లకు పంపుతానని, నా ఉద్యోగం పోతే పోనీ అని ఏదో చెప్పబోయాను.

"నీ ఉద్యోగం నాకేం పని? రేపు ఆయప్ప సంవత్సరీకం. మా ఊరు సిరిగేరికి పోతాండా. నాతో వచ్చి ఆ మాట నా బిడ్డకు చెప్పు."

సాయంత్రం బస్సులో ఆమె నా పక్కన కూర్చోలేదు. సిరిగేరిలో వరి పొలాల పక్కన చిన్న ఇల్లు. యశస్విని తొమ్మిదో తరగతి పిల్ల. కళ్లు అచ్చం తండ్రివే. నేను నిలబడే అంతా చెప్పాను. ఆ పిల్ల కాగితాన్ని రెండుసార్లు చదివింది. లోపలికి పోయి, పెట్టె తెరిచి, పటం తెచ్చి, లంగాతో దుమ్ము తుడిచింది. తర్వాత నావైపు చూసింది.

"మీ సంతకం చూసి మా నాయన మీద కోపం పెట్టుకున్నా మేడం. నేను ఆయన కోసం ఒక్క దినం గూడా ఏడవల్యా."