కాలరు లోపలి గుర్తు

"ఈ జేబు కాస్త చింపిపెట్టు," అన్నాడు భర్త, బొత్తాం కుట్టిపెట్టు అన్నంత మామూలుగా.

ఆమె అతని యూనిఫాం చొక్కా ఇస్త్రీ చేస్తోంది. చేతులయ్యాయి, వీపయింది, కాలరు మిగిలింది. ఇస్త్రీపెట్టె నిలబెట్టి, తను సరిగ్గానే విన్నానా అన్నట్టు అతనికేసి చూసింది. అతను అద్దంలో మీసం సరిచేసుకుంటున్నాడు.

"అది కాదు, కుర్చీ మీదున్న పాతది. నేనెంత లాగినా ఊడి రావడంలేదు. ఏం కుట్టావో ఏమో, ఇనప కుట్లు. కత్తెరతో కోసినట్టుండకూడదు, ఎవరో పట్టి లాగినట్టుండాలి. రేపు కోర్టులో చూపించాలి. సాయంత్రానికి సిద్ధంగా ఉంచు."

అతను వెళ్ళిపోయాడు. వీధి తలుపు ఎప్పటిలాగే తెరిచే పెట్టి వెళ్ళాడు. ఆమె వెళ్ళి ఎప్పటిలాగే మూసింది.

అతను జైల్లో ఆడవాళ్ళ విభాగం గేటు కాపలాదారు. మొన్నామధ్య లోపల ఒక చిన్నపిల్లలాంటి ఖైదీని సూపర్వైజరు మేడం స్నానాలగదిలో పడేసి కొట్టింది. చెవిలోంచి రక్తం కారేదాకా కొట్టింది. మర్నాడు ఖైదీలందరూ ముంగిట్లో కూర్చుని, డాక్టరు వచ్చేదాకా గదుల్లోకి వెళ్ళేది లేదన్నారు. డాక్టరు రాలేదు. లాఠీలొచ్చాయి. ఆ తర్వాత కేసు పెట్టారు, కొట్టిన మేడం మీద కాదు, కూర్చున్నవాళ్ళ మీద. కాపలావాళ్ళ మీద పడి యూనిఫాంలు చింపారని రాశారు. రాశాక చూపించడానికి ఒక్కటైనా కావాలి కదా, అందుకే ఈ చొక్కా.

ఆ రోజు అతను తొడుక్కెళ్ళింది ఈ చొక్కానే, ఉతికింది ఆమే. జేబులో మరిచిపోయిన టీ బిల్లు తడిసి ముద్దయితే, జేబు తిరగేసి పిన్నీసుతో మూలమూలా గోకి తీసింది. ఒక్క కుట్టు వదులవలేదు. ఆ జేబు గురించి ఆమెకు తెలిసినంత ఈ లోకంలో ఎవరికీ తెలియదు. ఆమెకు తెలుసన్న సంగతి అతనికి తట్టనే లేదు, అదీ విచిత్రం. దొంగతనం చేయబోయేవాడు కిటికీకేసి చూసుకుంటాడు, గడియారానికేసి చూసుకోడు. ఆమె ఆ ఇంట్లో గడియారం. వేళకి మోగుతుంది, అంతే. పెళ్ళయిన కొత్తలో అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పేది, "లాండ్రీ పిల్లని తెచ్చుకున్నాం, ఇంకేం లేకపోయినా ఇస్త్రీ ఖర్చు మిగిలింది," అని. అందరూ నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది, కాఫీ కప్పులు తీస్తూ.

అతను చెడ్డవాడు కాదని ఆమె తనకు తాను చాలాసార్లు చెప్పుకుంది. లాఠీలొచ్చిన రోజు రాత్రి అన్నం ముందు కూర్చుని అతనే అన్నాడు, "నేనెవరి మీదా చెయ్యి వెయ్యలేదు. నిలబడి చూశానంతే." ఆమె కూర వడ్డించింది. తను కూడా నిలబడి వింది, అంతే.

పాత చొక్కా మడతపెట్టి సంచిలో వేసుకుంది. ఇంటికి తాళం వేసి, పెద్దమ్మకు కాళ్ళనొప్పులని రోజూ చెప్పే మాట ఇవాళ ఎవరూ అడక్కపోయినా తనలో తనే చెప్పుకుంటూ బయల్దేరింది.

పెద్దమ్మ అంటే సొంత పెద్దమ్మ కాదు. పాత లాండ్రీ యజమానురాలు. కాళ్ళనొప్పులు మాత్రం నిజమే.

ఆ సందు మొదట్లోకి రాగానే ఆవిరి వాసన తగిలింది. సబ్బు, వేడి గుడ్డ, అడుగంటిన గంజి కలిసిన వాసన. పెళ్ళికి ముందు ఆమె బతుకంతా ఆ వాసనలోనే గడిచింది. పొడుగాటి బల్లకి ఈ చివర తను, ఆ చివర గంజి. అసలు పేర్లు జీతమిచ్చేటప్పుడే గుర్తొచ్చేవి. గంజి పెట్టడంలో దానికి సాటి లేదు కాబట్టి అది గంజి, మడతలో వంక పెట్టలేరు కాబట్టి తను మడత. గంజి ఒక ఏడాది పెద్ద, ఆ ఏడాదికి పదేళ్ళ పెత్తనం చేసేది. "వేలు తడిచేసి తాకించు, చుయ్యిమంటే చాలు. మొగుణ్ణి చూసినట్టు భయపడుతూ చూడకు," అని ఇస్త్రీపెట్టె వేడి చూడటం నేర్పింది. అప్పటికి ఇద్దరికీ మొగుళ్ళు లేరు. ఆ మాటకి పడీపడీ నవ్వారు. మధ్యాహ్నం ఎండ వేళ బల్ల కింద చాప వేసుకుని పడుకునేవారు. పైన తీగల మీద ఊరివాళ్ళ బట్టలు గాలికి ఊగేవి. "చూడవే, పెద్దపెద్దవాళ్ళందరూ మన నెత్తిమీద ఎలా వేలాడుతున్నారో," అనేది గంజి.

ప్రతి ఇంటి బట్టకీ కాలరు లోపల దారంతో ఒక గుర్తు కుట్టడం ఆ లాండ్రీ పద్ధతి. ఒకరిది ఇంకొకరికి పోకుండా. ఒకరోజు గంజి తమ ఇద్దరికీ కలిపి ఒక గుర్తు పెట్టింది. ఎర్రదారంతో రెండు ఏటవాలు కుట్లు, చివర ముడి. మన బట్టలెవరు ఎత్తుకుపోతారే అని మడత అడిగితే, "ఎత్తుకుపోతారని కాదు, మనమే ఎక్కడైనా తప్పిపోతే తెలియడానికి," అంది.

మడత పెళ్ళి చేసుకుని తప్పిపోయింది. కానీ చెయ్యి ఆ అలవాటు మానలేదు. ఇంట్లో ప్రతి కాలరు లోపలా రెండు ఎర్రకుట్లు, ఒక ముడి. భర్తకి ఎప్పుడూ కనబడలేదు. కాలరు తిరగేసి చూడాల్సిన పని అతనికెందుకు పడుతుంది?

గంజి ఒక పెద్ద హోటలు లాండ్రీలో చేరింది. అక్కడ మేనేజరు నడుం మీద చెయ్యి వేస్తే వేడి ఇస్త్రీపెట్టె ఎత్తింది. వెయ్యలేదు, ఎత్తిందంతే. దానికే జైలు, మడత భర్త కాపలా కాసే ఆ జైలే, విచారణ ఇంకా మొదలవనేలేదు. ముంగిట్లో ముందుగా కూర్చున్నది కూడా అదేనని కేసులో రాశారు.

పెద్దమ్మ ఇప్పుడు లాండ్రీ వెనకగది ఆ ఖైదీల కేసు పని కోసం ఇచ్చేసింది. దెబ్బలు తిన్న పిల్ల తల్లి, ఒక బడి టీచరు, ఒక బస్సు కండక్టరు, కేసు చూస్తున్న లాయరమ్మ, ఇంకా ఇరుగుపొరుగు ఆడవాళ్ళు అక్కడికి వస్తారు. ఖైదీలు కోర్టుకి కట్టుకునే బట్టలు తెచ్చి, ఉతికి, ఇస్త్రీ చేసి పంపుతారు. "నలిగిన బట్టలతో నిలబడితే ఆ జడ్జికి వాళ్ళ మాట కూడా నలిగినట్టే వినబడుతుంది," అంటుంది పెద్దమ్మ. వాయిదా రోజు అందరూ వెళ్ళి బెంచీల నిండా కూర్చుంటారు, బోనులోవాళ్ళు వెనక్కి తిరిగితే తెలిసిన మొహాలు కనబడాలని. మడత ఇస్త్రీ వరకే. బెంచీ మీద ఎప్పుడూ కూర్చోలేదు. కోర్టు గుమ్మంలో భర్త నిలబడి ఉంటాడు మరి.

పెద్దమ్మ ఒక కాలరు రవిక ఆమె ముందు పడేసింది. "దానిదే. లోపలినుంచి ఉతుక్కి వచ్చింది."

మడత అలవాటుగా కాలరు తిరగేసింది. రెండు ఎర్రకుట్లు, ముడి. కొత్తవి.

"లోపల దానికి సూది ఎక్కడిది పెద్దమ్మా?"

"సూది సంగతి వదిలెయ్. మీ ఆయన ఎండకి చొక్కా విప్పి కుర్చీకి తగిలిస్తే కాలరు తిరగబడిందట. చూసింది. కేసుకి చాలా ముందే దానికి తెలుసు, ఎవరి మొగుడో." పెద్దమ్మ కాళ్ళు నొక్కుకుంది. "మాకు ఒకటే కబురు పెట్టింది. మడతని ఏమీ అడగొద్దు, దాని ఇల్లు దాన్ని చేసుకోనివ్వండి, అని."

మడత రవిక ఇస్త్రీ చేసింది. చేతులు, వీపు, కాలరు. ఇన్నాళ్ళూ తను దాని బట్టలు ఇస్త్రీ చేసి దానికేదో చేస్తున్నాననుకుంది. తన ఇంటికి అది లోపలినుంచి కాపలా కాస్తోందని తెలియదు. ఆ గేటుకి ఇటువైపు జీతం తీసుకునే కాపలా, అటువైపు ఊరికే చేసిన కాపలా.

ఇస్త్రీపెట్టె నిలబెట్టి సూదీ దారం అడిగింది. సంచిలోంచి చొక్కా తీసి జేబు చుట్టూ కుట్టడం మొదలెట్టింది. ఏం కుడుతున్నారని లాయరమ్మ అడిగింది. తలెత్తకుండా అంతా చెప్పింది, టీ బిల్లు దగ్గర్నుంచి పొద్దుటి మాట దాకా. గదిలో ఇస్త్రీలు ఒక్కొక్కటే ఆగాయి. ఇది బయట చెప్తే ఇంట్లో ఏమవుతుందో ఆలోచించుకున్నారా, మేం మిమ్మల్ని అడగడంలేదు, అంది లాయరమ్మ. తెలుసంది మడత. ఎవరూ అడగలేదు కాబట్టే చెప్తున్నానంది.

పెద్దమ్మ మాత్రం బల్లకేసి గడ్డం ఎగరేసింది. "దాని కింద చాప అట్లాగే ఉంది. ఎలకలు కొట్టిన చోట కాస్త చూసుకుని పడుకోవాలి."

పొద్దుగూకే వేళకి అతను వచ్చాడు. బూట్లు విప్పుతూ, "అయిందా?" అన్నాడు.

ఆమె చొక్కా చేతికిచ్చింది. అంచుకి అంచు కలిసిన మడత. అతను విప్పి జేబు పట్టి లాగాడు. అది కదల్లేదు.

"ఇదేంటి?"

"ఇంకో వరస కుట్టాను."

"పిచ్చి పట్టిందా నీకు? సరే, కత్తెర ఎక్కడుందో చెప్పు, నేనే చేసుకుంటాను."

"సొరుగులో ఉంది. చింపుకోండి. రేపు కోర్టులో నేను కూడా బెంచీ మీద కూర్చుంటాను. ఆ రోజు ఈ జేబు చిరగలేదని చెప్తాను."

అతను నవ్వబోయాడు. ఆమె మొహం చూసి సగంలో ఆపాడు. "చెప్పడానికి నువ్వెవరు? అక్కడున్నావా? ఏం చూశావు నువ్వు?"

"ఉతికాను," అంది ఆమె.

అతను చొక్కా కుర్చీ మీద పడేశాడు. ఆమె ఇస్త్రీపెట్టె పెట్టి, వేలు తడిచేసి తాకించింది. చుయ్యిమంది. బల్ల మీదున్న అతని యూనిఫాం పక్కకి జరిపి, రేపటికి తన బట్టలు పరుచుకుంది.