జెండా ఎవరిదో తేలేదాకా

బానిస వ్యాపారాన్ని నిషేధించిన ఇంగ్లీషువాళ్లు ఒక బానిసల ఓడను పట్టుకొచ్చి, ఆఫ్రికా పడమటి తీరాన తమ ఏలుబడిలోని ఫ్రీటౌన్ రేవులో నిలబెట్టి వారాలు గడిచినా, అందులోని మనుషులను ఒడ్డుకు దించలేదు. ఓడ మీద అమెరికా జెండా, లోపల పోర్చుగీసు కాగితాలు. పోర్చుగీసు ఓడైతే ఒప్పందం ప్రకారం జప్తు చేయవచ్చు. అమెరికాదైతే సోదా చేయడమే తప్పు, యుద్ధం దాకా పోతుంది. దొరలు తీరిగ్గా వాదించుకుంటుంటే ఓడ అడుగున మనుషులు చస్తున్నారు.

బజారులో వంటకాలు అమ్మే మొరెనికే చిన్నప్పుడు అలాంటి ఓడలోంచి దిగిందే. ఇప్పుడు ఆడవాళ్లతో కలిసి రోజూ చిన్న పడవల్లో కర్రపెండలం ముద్దలు తీసుకెళ్తోంది. ఒకరోజు ఓడ పైనుంచి అబేని అనే పిల్ల ఆమె పుట్టింటి భాషలో అడిగింది.

"అక్కా, ఈ తెల్లవాళ్లు మమ్మల్ని ఇక్కడే కోసుకు తింటారా?"

మొరెనికే తిన్నగా, పట్టుబడ్డ ఓడల సంగతి తేల్చే కోర్టుకు వెళ్లింది. గుమస్తా థోర్ప్ ఊరివాడే, నల్లవాడే.

"జెండా సంగతి తేలనీ అమ్మా. పెద్ద దేశాల వ్యవహారం."

"శవాల్ని ఒడ్డుకు మోసేది మేం బాబూ. వాటిలో ఏది అమెరికాదో, ఏది పోర్చుగీసుదో వచ్చి చెప్పమను మీ దొరల్ని."

 అమెరికాతో గొడవెందుకని మర్నాడే ఓడను మనుషులతో సహా దాని కెప్టెనుకు తిరిగి ఇచ్చేస్తున్నారని థోర్ప్ గొణిగాడు.

ఈ నేల మీద కాలు పెట్టినవాళ్లు బానిసలు కారన్నది చట్టం. ఊళ్లో అందరికీ తెలిసిందే. తెల్లవారగానే రేవులోని పడవలన్నీ ఓడను చుట్టుముట్టాయి. తిండి కోసం అందరినీ పైకి తెచ్చిన వేళ మొరెనికే లేచి నిలబడి తన భాషలో అరిచింది.

"దూకండి. మేం పట్టుకుంటాం."

ముందు అబేని దూకింది. తర్వాత అందరూ. కాపలా ఉన్న ఇంగ్లీషు నావికులు తుపాకులు ఎత్తారు గాని, వాళ్ల అధికారి కాల్చమనలేదు. ఒకే సంకెలతో కట్టిన అన్నదమ్ములిద్దరూ మొరెనికే చేతికి అంది, జారి, మునిగిపోయారు.

ఆదివారం చర్చిలో ఒక పెద్ద ఇంగ్లీషు అధికారి, తమ దేశం దయవల్ల ఇంతమందికి విముక్తి దొరికిందని ప్రసంగించాడు. మొరెనికే మధ్యలోనే లేచి బయటికొచ్చేసింది. ఒళ్లు మండిపోతోంది.

ఆ వారమే విముక్తులను ఉంచిన ఆవరణకు సముద్రం అవతలి జమైకా చెరకు తోటలకు కూలీలను పోగుచేసే మనిషి వచ్చాడు. కూలి ఇస్తామని, ఇష్టపూర్వకంగానే తీసుకెళ్తున్నామని అధికారులతో చెప్పాడు. ఆ మాట వాళ్ల భాషలో ఎవరూ చెప్పలేదు. మొరెనికే గేటు తోసుకుని లోపలికి వెళ్లి, అబేని చెయ్యి పట్టుకుంది.

"ఎవరు నువ్వు ఈ పిల్లకి?" అన్నాడతను.

"అక్కని."

కాపలావాడు ఆగమన్నా ఆగకుండా పిల్లను బయటికి తీసుకొచ్చేసింది. మిగిలినవాళ్లను ఆ సాయంత్రమే మళ్లీ ఓడ ఎక్కించారు.