నాలుగు గంటల చీటీ

చమురు అమ్ముకునే పదకొండు దేశాల మంత్రులు కూర్చునే హాలులో ఆమె పని ఒక్కటే. గంటకోసారి పీపా ధర రాసిన చీటీ లోపలికి పట్టుకెళ్లాలి. ఫోన్లు చేతిలో ఉంటే ఒకరి మాట ఒకరు వినరని మంత్రుల ఫోన్లన్నీ గుమ్మం దగ్గరే బుట్టలో పెట్టించేవారు. దాంతో లోకమంతటికీ తెలిసిన ధర ఆ గదిలోవాళ్లకు మాత్రం చీటీలక్క చెబితేనే తెలిసేది. ఆమె అసలు పేరు అందరూ ఎప్పుడో మరిచిపోయారు.

పదహారేళ్లుగా ఆమె చూస్తున్న వింత ఒకటుంది. ధర పాతాళానికి పడితే పదకొండుమందీ ఒక కడుపున పుట్టినవాళ్లయిపోతారు. ఒకే పళ్లెంలో బిస్కెట్లు తిని, తలా కాస్త తవ్వకం తగ్గించుకుందామని గంటలో సంతకాలు పెట్టేస్తారు. ధర కోలుకుందా, అదే మహానుభావులు ఆస్తి పంపకాలకొచ్చిన దాయాదుల్లా కుర్చీలు దూరం జరుపుకుంటారు.

ఆ రోజు ధర డెబ్బై తొమ్మిది. తొంభై నుంచి జారిందని సమావేశం పెట్టారు గానీ, డెబ్బై తొమ్మిదికి ఎవరి కడుపూ కాలడం లేదు. ముందు మీరు తగ్గించండంటే, అబ్బే, పెద్దవారు, ముందు మీరే అంటూ పొద్దుటినుంచీ మర్యాదలు నడుస్తున్నాయి.

చీటీలక్క ప్రాణం మాత్రం రేవులో కొట్టుకుంటోంది. చమురు ఓడలో వంటవాడైన తమ్ముడు మూడేళ్ల తర్వాత ఆ ఊరి రేవుకొచ్చాడు. ఆరింటికి ఓడ కదులుతుంది. పోయినసారి వాణ్ని నానా మాటలూ అని పంపింది, ఆ మాటలు మూడేళ్లుగా ఆమెకే గుచ్చుకుంటున్నాయి. సమావేశం ముగిసేదాకా సిబ్బంది గడప దాటకూడదు. ఒక్క గంట వదలమని హాలు మేనేజరును బతిమాలింది.

"నీ తమ్ముడి కోసం పదకొండు దేశాలూ లేచి వెళ్లిపోతాయా అక్కా?" అన్నాడాయన.

నాలుగింటికి కొత్త చీటీ ఇచ్చారు. కోటు జేబులో వేసుకుని, గోడగడియారం చూస్తూ లోపలికి నడిచి, జేబులో చేతికి తగిలిన కాగితం తీసి, మంత్రుల్లోనే ఒకడైన సమావేశం అధ్యక్షుడికి అందించింది. ఆయన చదివి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాడు.

"ముప్పై ఒకటి," అన్నాడు నీరసంగా.

కుర్చీలు దగ్గరికి జరిగాయి. ఒక్క పీపా కూడా తగ్గించనని పొద్దుటినుంచీ భీష్మించుక్కూర్చున్న బక్కమంత్రి రెండు లక్షలు తగ్గిస్తానన్నాడు. కునికిపాట్లు పడుతున్న మంత్రి లేచి అందరికంటే ముందు సంతకం పెట్టాడు. ఐదు కాకుండానే కౌగిలింతలు కూడా అయిపోయాయి.

గుమ్మం దగ్గర ఫోన్లు అందిస్తుంటే చీటీలక్క కళ్లకు తెరల మీద డెబ్బై తొమ్మిది కనబడింది. రెండో జేబు తడిమితే అసలు చీటీ అందులోనే ఉంది. ఆ కోటు సమావేశాలకే బయటికి తీస్తారు, బొత్తాల మెరుపు పోతుందని ఉతకరు. రెండేళ్ల కిందట ధరలు కుప్పకూలినప్పుడు, అందించేలోపే సంతకాలైపోయి, ఆనాటి నాలుగు గంటల చీటీ జేబులోనే ఉండిపోయింది. చీటీ మీద గంట, ధర తప్ప తేదీ వేసే ఆనవాయితీ లేదు. ఉద్యోగం ఊడినట్టేననుకుంది.

అధ్యక్షుడు ఫోను చూసి ఛాతీ విరుచుకున్నాడు.

"చూశారా మన ఐకమత్యం? గంట తిరక్కుండా ముప్పై ఒకటి నుంచి డెబ్బై తొమ్మిది."

అందరూ చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత ఒక్కొక్కరూ ఒక్కో మూలకు పోయి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఫోన్లు చేసుకున్నారు.

ఆమె రేవుకు చేరేసరికి ఆరు కావస్తోంది. తమ్ముడు ఒడ్డున తాళ్ల చుట్ట మీద కూర్చుని తాపీగా బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాడు.

"కంగారుపడకక్కా. నింపడం మధ్యాహ్నమే అయిపోయింది. ఇందాక పైనుంచి ఫోనొచ్చిందట, ఇంకో రెండు ట్యాంకులు నింపమని. రేపటిదాకా కదలం."

ఎవరి చమురని అడిగితే, మీ అధ్యక్షుడిగారి దేశానిదే అన్నాడు. మిగతావాళ్లంతా తగ్గిస్తున్నారట, ధర పెరుగుతుందట, ఇప్పుడు అమ్ముకున్నవాడిదే లాభమట.

చీటీలక్క కడుపు చేత్తో పట్టుకుని నవ్వింది. ఆ నవ్వులోనే ఏడుపొచ్చింది. అప్పుడన్న మాటలు మనసులో పెట్టుకోకురా అంది. వాడు ఏ మాటలని అడిగి, ఆమె చేతికో కత్తిచ్చాడు.

దుంపలు అందుకునే ముందు ఆమె కోటు విప్పి జేబులు చూసింది. డెబ్బై తొమ్మిది చీటీని చింపి నీళ్లలో పారేసింది. ముప్పై ఒకటి చీటీని మాత్రం నలగకుండా మడిచి, తీసిన జేబులోనే మళ్లీ పెట్టింది.