బయమ్మ కాలు

నేను ఒక అట్టముక్కని. మనుషులకు కాళ్ళ మీద ఒళ్ళుంటుంది. నాకు ఒంటి మీద కాలుంది, అదీ ఒక్కటే, మోకాలి కిందనుంచి. ఎవరో ఆడమనిషిది. చీలమండ పక్కన పుండు, పుండులోంచి తెల్లని దారం వేలాడుతూ ఉంటుంది. దారం కాదది, పురుగు. ఆ జబ్బుని నారికురుపు అంటారు.

పట్నంలో అచ్చుయంత్రం కింద పుట్టాను. రంగు సరిగా ఆరకముందే కట్టలు కట్టి జిల్లాలకు తోలారు. నేను పక్కీరప్ప సంచిలో పడ్డాను. ఆయన ఆరోగ్యశాఖలో చిన్న ఉద్యోగి. సైకిల్ మీద ఊరూరా తిరిగి, గడపగడపకూ నన్ను చూపించి, "ఇట్లాంటిది మీ ఇంట్లో ఎవురికన్నా వచ్చిందా?" అని అడగాలి. ఏడాది తిరిగితే మళ్ళీ అదే గడప, అదే మాట. దేవుడు కూడా ఇంత ఓపిగ్గా జనం బాగోగులు అడిగి ఉండడు. అడిగి ఉంటే ఆయనకూ ఇట్లాగే అబద్ధాలు చెప్పి పంపేవాళ్ళు.

సంచిలో నాకు తోడు ఒక సద్దిమూట, బావిలో కలిపే మందుసీసా. మట్టిదారి ఊయలూపుతుంటే కునుకు పట్టేది. కలలో నా మీది కాలు మెల్లగా లేచి, మిగతా మనిషి ఎక్కడుందోనని వెతుక్కుంటూ నడిచిపోయేది. అట్టకు కలలేమిటని నవ్వకండి. మీరు కన్నవి మాత్రం ఏం నిలబడ్డాయి?

ఆ మిగతా మనిషి తుమ్మలదిన్నెలో దొరికింది. పక్కీరప్ప నన్ను ఎత్తిపట్టాడో లేదో ఆడవాళ్ళు గొల్లుమన్నారు.

"ఓయమ్మా, ఇది మన బయమ్మ కాలు గదే! ఆ తేలు పచ్చబొట్టు సూడు!"

నిజమే. అంతకు చాలా ఏళ్ళ ముందు ఎవరో పెద్ద డాక్టరు వచ్చి, బావి మెట్ల మీద కూర్చున్న బయమ్మ కాలికి ఫోటో తీసుకుపోయాడు. పేరు అడగలేదు. పేరుతో ఆయనకేం పని?

నారికురుపు వెలికొచ్చేటప్పుడు ఎర్రగా కాల్చిన చువ్వ పెట్టినట్టు మండుతుంది. తుమ్మలదిన్నెలో చల్లదనమంటే ఒక్క దిగుడుబావే. మెట్లు దిగి కాళ్ళు నీళ్ళలో వేలాడేస్తే ప్రాణం లేచొస్తుంది. ఆ హాయిలోనే పురుగు తన పిల్లల్ని నీళ్ళలోకి వదులుతుంది. ఆ నీళ్ళే ఊరంతా ముంచుకుపోయి తాగుతారు. ఏడాదికి తాగినవాళ్ళ కాళ్ళలోంచి దారాలు. తాతల కాలం నుంచీ దీన్ని శాపమనుకున్నారు తప్ప నీళ్ళను అనుమానించినవాడు లేడు.

పక్కీరప్ప ఇదంతా విడమరిచి చెప్పాడు. జనానికి బాగా అర్థమైంది. మనిషికి ఒక సంగతి అర్థమైతే ముందు వెతికేది మందు కాదు, తిట్టడానికి ఒక మనిషి.

"ఊరికంతా అంటించింది ఈ కాలేనన్నమాట!" అంది ఓబుళమ్మ. బావి ఒడ్డునే ఆమె ఇల్లు. ఆమె మొగుడు, అత్త, అందరూ అవే మెట్ల మీద కాళ్ళు నానబెట్టుకున్నవాళ్ళే. కానీ వాళ్ళ కాళ్ళు అట్ట మీద లేవు కదా.

బయమ్మ పుండు మానిపోయి ఏళ్ళయింది. అయినా ఆమె బావిలోకి దిగకూడదన్నారు. ఒంటి మనిషి, ఎవరితో కొట్లాడుతుంది? ఒడ్డున బిందె పెట్టుకుని కూర్చునేది. పైకొచ్చేవాళ్ళకు దయ కలిగితే ఇంత వంచేవాళ్ళు, బిందెకు బిందె తగలకుండా, ఎత్తు నుంచి.

"ఏం సామీ," అని ఒకనాడు పక్కీరప్పను నిలేసింది. "నా కాలేమో ఊరూరా తిరుగుతాంది. నన్ను మాత్రం మా బాయిలోకి దిగనీకుండారే?"

ఆయన తల గోక్కున్నాడు. "మూడేండ్లు వరసగా ఎవురికీ రాకుంటే ఊరికి జబ్బు పోయిందని రాసిస్తారమ్మా. అంతవరకూ ఓర్చుకో." పెద్దమనుషులు కూడా అప్పుడు దిగనిస్తామని ఒప్పుకున్నారు.

ఒక ఏడు దాటింది. రెండో ఏడూ దాటింది. మూడో ఎండాకాలం ఆఖరున పక్కీరప్ప వచ్చేసరికి బయమ్మ బిందెను చింతపండుతో తోమి తళతళలాడించి, ఆయన వెనకే ఇల్లిల్లూ తిరిగింది. ప్రతి గడపా లేదంది. చివరిది ఓబుళమ్మ ఇల్లు. ఆమె తడిపిన బండ మీద పాదం ఆనించి, కొంగు కప్పుకుని కూర్చుని ఉంది.

"కాలికేమైంది పెద్దమ్మా?"

"ముల్లు గుచ్చుకున్యాది లేప్పా. పో, పో."

పక్కీరప్పకు కూడా అది ముల్లే అయితే బాగుండనిపించింది కాబోలు, వెనక్కి తిరిగాడు. ఆయన చేతిలో నేను బయమ్మ కేసి తిరిగి ఉన్నాను. ఆమె నన్ను చూడలేదు. ఆ తడి బండనే చూస్తూ ఉంది. నోరు మూసుకుని ఉంటే చాలు, బావి ఆమెది.

"ఆగు సామీ. అది ముల్లు గాదు."

"నోర్ముయ్యే! నీ రోగం నాకంటగడతావా?"

"ఆ మంట నాకు తెల్దా అక్కా? ఈపొద్దు బండతో సరిపెట్టుకున్యావు. రేపు బాయిలో కాలు పెడతావు. పెట్టకుండా ఉండల్యావు. నేనుండగలిగినానా?"

ఓబుళమ్మ చాలాసేపు తిట్టింది. తిట్లు అయిపోయాక కొంగు తీసింది. తెల్లని దారం.

పక్కీరప్ప అరుగు మీద కూలబడ్డాడు. "నిరుడు ఎవురో దాసిపెట్టినారు. మల్లా మొదట్నించీ లెక్కబెట్టాల బయమ్మా."

"తెలుసులే సామీ."

ఆమె ఇంటికి పోయి మట్టి తొట్టీ, తన బిందే తెచ్చింది. ఆపూట అడుక్కుని నింపుకున్న నీళ్ళన్నీ అందులో పోసి, ఓబుళమ్మ పాదాన్ని తన చేతులతో ముంచింది. "ఈ నీళ్ళు బాయి తట్టు పారబోయొద్దు. దూరంగా ఎండలో పోద్దాం" అంది. ఓబుళమ్మ కళ్ళు మూసుకుంది. ఆ హాయి నాకు కూడా తెలిసినట్టే ఉంది.

తరువాత ఖాళీ అయిన బిందె వంక చూసి, వీధంతా వినేటట్టు అరిచింది ఓబుళమ్మ. "బయమ్మా! నీ బిందె, నా బిందె రెండూ తీస్కో. దిగి ముంచకరాపో!"

"నేను దిగితే ఊరు..."

"ఎవుడన్నా అడ్డమొస్తే నా కాడికి పంపు. కాలే చెడింది, నోరింకా బాగానే ఉండాది."

తరువాత తుమ్మలదిన్నెలో ఎవరికీ రాలేదు. ఊరికి కాగితం ఇచ్చారు. మెట్లకు అడ్డంగా గోడ కట్టి, పైన గిలకలు బిగించారు. పక్కీరప్ప రిటైరయ్యాడు. నన్ను ఒక వైద్య కళాశాలలో అద్దాల బీరువాలో పెట్టారు. కుర్ర డాక్టర్లు వచ్చి చూస్తారు. ఎవరి కాలని ఎవరూ అడగరు. తమ పిక్కలొకసారి గోక్కుని టీకి పోతారు.

మధ్యాహ్నం ఎండ అద్దం మీద పడితే నాకు కునుకు పడుతుంది. బయమ్మ పాచి మెట్లు ఒక్కొక్కటే దిగుతూ ఉంటుంది. నీళ్ళకు పైమెట్టు మీద ఆగి, పాదం తడవకుండా నడుం వంచి బిందె ముంచుతుంది. గుడగుడమని నిండుతుంది. పైనుంచి ఓబుళమ్మ కేక: "ఎంతసేపే? కాలు మండిపోతాంది!"

"వస్తాండా అక్కా," అంటుంది బయమ్మ.

కానీ రాదు. కాసేపు అక్కడే నిలబడి ఉంటుంది.