దైవికముగా

బొటనవేలికి అంటిన సిరా అప్పుడే ఆరిపోతోంది. జ్ఞానమ్మ ఆ వేలిని కాగితానికి జానెడు దూరంలో నిలిపి, "ఇంకోసారి సదవండి బాబుగారూ" అంది.

తాతాజీ ముక్కు మీది కళ్లద్దాలు సర్దుకున్నాడు. రాజమహేంద్రవరంలో మునసబు కోర్టుకు ఎదురుగా ఉన్న అరుగు మీద పాతికేళ్లుగా అర్జీలు రాసి బతుకుతున్నాడతను. అంతకుముందు ఒక ప్లీడరు దగ్గర గుమాస్తాగా ఉండేవాడు. రాసిన అర్జీని మూడుసార్లు చదివించుకున్న మనిషి అతనికి ఇంతవరకు తగల్లేదు. అయినా ఎండలో నాలుగు కోసులు నడిచి వచ్చిన మనిషని తలచి, విసుగు దిగమింగి మళ్లీ ఎత్తుకున్నాడు.

"...నా పెనిమిటి ఏసుపాదం అనువాడు బండి తోలుకొని వచ్చుచుండగా, కాలువగట్టు రోడ్డున తూము వద్ద దైవికముగా బండి తిరుగబడి మృతినొందెను గనుక, ఆ రోడ్డును చూచు దయాళువులగు తాలూకా బోర్డు వారు నా దిక్కులేనితనమును చిత్తమందుంచి..."

"ఆ మాటేనండి. దైవికముగా. అది తీసెయ్యండి."

తాతాజీ నవ్వాడు. "అర్జీకి దేవుడు ఉప్పులాంటివాడమ్మా. ఆయన లేకపోతే అధికారులు ముద్ద ముట్టరు. నువ్వు కిరస్తానీదానివని కావాలంటే 'దేవుని చిత్తముచే' అని మారుస్తాను. ఏ దేవుడైతేనేం, బోర్డు వారికి పట్టింపు లేదు."

జ్ఞానమ్మ నవ్వలేదు.

ఆ మాట ఆమెకు కొత్తది కాదు. ఏసుపాదం పోయిన మర్నాడు శవపంచాయతీ జరిపిన గ్రామ మునసబు దాన్నే రాయించి ఆమె చేత వేలిముద్ర వేయించాడు. వాళ్ల పేటలో ప్రార్థనలు నడిపే ఉపదేశి రాజరత్నంగారు ప్రార్థన చేసి, ప్రభువు చిత్తానికి ఎదురులేదన్నారు. బండి ఇచ్చిన రైతు ఖర్మ అన్నాడు. మతాలు వేరైనా అందరూ చేరింది ఒక్కచోటికే. ఆ జిల్లాలో ఎంతటి గుంటనైనా ఖర్చు లేకుండా పూడ్చగలిగినది ఆ మాట ఒక్కటే.

ఓదార్చినవాళ్లంతా ఆ మాట అప్పగించి ఎవరి గుడిసెకు వాళ్లు వెళ్లిపోయారు. జ్ఞానమ్మ దానితో మిగిలిపోయింది. మూడు నెలలుగా ఒక్క కంచమే కడుక్కుంటూ, తనకే తెలిసిన ఒక మాట నోటి దాకా వచ్చినప్పుడల్లా మింగేస్తూ వచ్చింది. పక్క గుడిసెలోని నేస్తానికైనా చెప్పలేదు. ఆదివారం ప్రార్థనలో అందరూ కళ్లు మూసుకున్నప్పుడు కూడా చెప్పలేదు.

తాతాజీకి మధ్యాహ్నం భోజనానికి పొద్దుపోతోంది. ఉన్న దారులేమిటో అతను మరొకసారి విడమరిచాడు. ఒకటి, ఈ అర్జీ. శనివారం లోపల ఇస్తే బోర్డు వారు కారుణ్యం కింద ఇరవై రూపాయలు ఇస్తామన్నారు. రెండోది దావా. ముందు బోర్డుకు నోటీసు ఇవ్వాలి, నెల ఆగాలి, జరిగిన నాటి నుంచి ఆరు నెలలు దాటకుండా కోర్టులో వేయాలి. కోర్టు రుసుముకు గతిలేనివాళ్లకు పాపరు దావా ఉంది గాని, అది గట్టెక్కేసరికి మనిషి ఉంటే అదృష్టం.

"పైగా శవపంచాయతీ కాగితం మీద నీ వేలిముద్ర ఉంది," అన్నాడు. "దైవికం అని నువ్వే ఒప్పుకున్నావు. దేవుడు చేసిన పనికి బోర్డు జవాబుదారీ కాదు. ఆ రోజు నీ వేలు నీ నోరు కట్టేసిందమ్మా."

"ఆ రోజు నాకు సదివి వినిపించలేదండి."

"వినిపిస్తే వెయ్యకపోదువా?"

వినిపించినా వేసి ఉండేదాన్నని జ్ఞానమ్మకు తెలుసు. ఆ మాట నీడలో బోర్డు ఒక్కటే తలదాచుకోలేదు.

చివరికి, "మా ఆయన్ని సంపింది దేవుడు కాదండి," అంది. "సాప."

తాతాజీ కలం దించాడు.

ఆమె నేల చూస్తూ, ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పుకొచ్చింది. తూము మీది రాతిపలక వానాకాలంలోనే విరిగి, బండిచక్రం దిగిపోయేంత కంత పడింది. బోర్డు వాళ్లు పట్టించుకోకపోతే ఏసుపాదమే అందులో ఒక తాటిమట్ట నిలబెట్టాడు. అది ఒరిగితే మళ్లీ నిలబెట్టేవాడు. ఆ దారిన బండ్లు తోలేవాళ్లందరికీ ఆ మట్టే గుర్తు. మట్ట కనబడితే ఎడమకు తప్పుకునేవారు.

ఇంతలో పెద్ద దొర రోడ్డు చూడటానికి వస్తున్నాడని కబురు వచ్చింది. బోర్డు మేస్త్రీ బుల్లబ్బాయి పేట నుంచి ఆడకూలీలను రెండణాల కూలికి పిలిచాడు. తూము దగ్గర పనికి జ్ఞానమ్మనొక్కదాన్నే పెట్టాడు. కంత మీద నాలుగు వెదురుబద్దలు వేసి, తాటాకు చాప పరిచి, పైన గ్రావెల్ పొయ్యమన్నాడు. దొర గుర్రం దిగకుండా పక్కనుంచి పోతాడని, తెల్లారి తీసేద్దామని అన్నాడు. మట్ట పీకి పారెయ్యమన్నాడు.

"పారెయ్యలేదండి. ఎండిన మట్ట కదాని ఇంటికి పట్టుకెళ్లి పొయ్యిలో పెట్టేను."

ఆ పొద్దుటే ఏసుపాదం అరటిగెలల లోడుతో రాజమండ్రి వెళ్లాడు. మర్నాడు రావలసినవాడు. సరుకు తొందరగా దిగిపోవడంతో ఆ సాయంత్రమే తిరుగుముఖం పట్టాడు. తూము దగ్గర మట్ట లేదు. ఎర్రటి గ్రావెల్ చదునుగా కనిపించింది. ఎట్టకేలకు బోర్డు వారికి బుద్ధి వచ్చిందనుకున్నాడేమో, ఎద్దుల్ని ఎడమకు తిప్పలేదు. ఆ మట్ట మంట మీద ఉడికిన గంజి ఇంకా దించకముందే, బండి కాలువలోకి ఒరిగిందని కేక వినబడింది.

ఎదురుగా కోర్టు బంట్రోతు ఎవరి పేరో మూడుసార్లు పిలిచి ఊరుకున్నాడు.

"ఈ సంగతి ఎవరికైనా తెలుసా?" అన్నాడు తాతాజీ, గొంతు తగ్గించి.

"మేస్త్రీకి తప్పితే మీకేనండి. సాపా బద్దలూ కాలవలో కొట్టుకుపోయేయి."

"అయితే నా దగ్గరే ఉండనియ్యి. ఇది రాస్తే ఏమవుతుందో ఎరుగుదువా? బోర్డు ప్లీడరు నిన్ను బోనెక్కించి, కప్పింది నువ్వే కదా, మట్ట పీకింది నువ్వే కదా, మొగుణ్ణి చంపుకుని సొమ్ముకొచ్చావా అంటాడు. బుల్లబ్బాయి నేనెరగనంటాడు. మీ పేట పేటంతా నీ మొహం చూడదు. అదే ఈ కాగితం మీద వేలు వేశావనుకో, నీకూ మంచిదే. దేవుడు అడ్డం చెప్పడు."

జ్ఞానమ్మ తన వేలి వైపు చూసుకుంది. సిరా పూర్తిగా ఆరి, గోరు చుట్టూ నల్లగా బిగిసింది.

"దేవుడి పేరు ఉత్తిపున్నేన ఎత్తకూడదని ఉపదేశిగారే నేర్పేరండి," అంది. "ఆయన సెయ్యని పని ఆయన మీద పెట్టి ఓసారి యేలేసేను. ఇంక ఎయ్యను."

"ప్లీడరు అడుగుతాడే?"

"అడగనియ్యండి. పోసింది నేనేనంటాను. పొయ్యమన్నదెవరో కూడా అప్పుడే సెబుతాను. నేను ఒప్పుకోకపోతే, ఆ సాప సంగతి సెప్పేవోళ్లు ఇంకెవరున్నారండి?"

తాతాజీ అర్జీని చేతిలోకి తీసుకున్నాడు. స్టాంపు కాగితం కాదు గనుక నష్టం లేదు. దాన్ని మధ్యకు మడిచి తొడ కింద పెట్టుకున్నాడు. పాతికేళ్లలో ఏ కాగితమైనా ఏ మాటతో ఎత్తుకోవాలో అతను ఎవరినీ అడిగి ఎరగడు. కొత్త కాగితం పలక మీద పరిచి, కలం సిరాలో ముంచి, ఆగాడు.

"నోటీసు ఎక్కణ్ణుంచి మొదలెట్టమంటావమ్మా?"

"తాటిమట్ట కాణ్ణించండి" అంది జ్ఞానమ్మ.