మొదటి పేరు గలవారి సంతకం

ఒంటిగంటకు బావ తలుపు తన్ని లోపలికి వచ్చాడు. గొళ్లెం ఊడి, ఫైళ్ల బీరువాకు ఠంగున తగిలి, లిస్టమ్మ కాళ్ల దగ్గర పడింది. ఆ గొళ్లెం వదులైంది, బిగించండి మహాప్రభో అని ఆమె ఆరు నెలలుగా అర్జీలు పెడుతోంది. ఇక ఆ అర్జీ వెనక్కి తీసుకోవచ్చు.

లిస్టమ్మకు వేరే పేరుందన్న సంగతి ఆ పరిశోధనాలయంలో హాజరుపట్టీకి తప్ప ఎవరికీ తెలియదు. అక్కడి వెబ్‌సైటులో ఎవరు ఏ వ్యాసం రాశారో, అది ఏ పత్రికలో, ఏ ఏడు, ఏ పేజీల్లో అచ్చయిందో, రాసినవాళ్లలో ఎవరి పేరు ముందో ఎవరిది వెనకో, అదంతా ఎక్కించి, సరిచూసి, కాపలా కాసేది ఆమె. మొత్తం ఆరువేల పైచిలుకు వ్యాసాలు. వాటిలో ఒక్కటీ ఆమె చదివిన పాపాన పోలేదు గాని, ఎవరి వ్యాసానికి పేజీ నంబరు తప్పు పడిందో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది.

బావ అంటే మాటవరసకు బావ కాదు, తోడబుట్టిన అక్క మొగుడు. మూడో అంతస్తులోని విభాగానికి పెద్ద. అక్క కూడా అదే విభాగం. పెళ్లయిన పదకొండేళ్లలో ఇద్దరి పేర్లతో నలభై ఒక్క వ్యాసాలు వచ్చాయి. ఆ పదకొండేళ్లలో అతని పేరుతో వచ్చినవన్నీ అవే. ప్రయోగాలు చేసి, రాసింది అక్క కాబట్టి ఆమె పేరు మొదట. పెద్ద కుర్చీలో కూర్చున్నాడు కాబట్టి అతని పేరు చివర. అక్కడి ఆనవాయితీ అది. ఇంట్లో ఆనవాయితీ వేరు. నాలుగు నెలల క్రితం, ఒక పట్టికలో అంకెలు మార్చనన్నందుకు, అతను అక్క కుడిచేతిని తలుపు సందున పెట్టి తలుపు మూశాడు. మణికట్టు రెండుచోట్ల విరిగింది. "పెన్సిలు విరిగినట్టు వినబడిందే, అంతే," అని అక్క తర్వాత చెల్లెలి ఇంట్లో మంచం మీద కూర్చుని చెప్పింది, మోచేతి దాకా కట్టుతో. మళ్లీ ఆ గడప తొక్కలేదు.

ఈ రోజు మూడు గంటలకు వేరే ఊళ్లో అక్కకు ఇంటర్వ్యూ. అక్కడివాళ్లు కాగితాలు తీసుకోరు. మనిషి పనిచేస్తున్న చోటి వెబ్‌సైటులో ఆమె పేజీని తెర మీద వేసి, అందులో ఉన్న వ్యాసాల మీద అక్కడికక్కడే ప్రశ్నలు అడుగుతారు. ఉద్యోగం వస్తే అక్క అటునుంచి అటే వెళ్లిపోతుంది. రాకపోతే, సెలవు అయిపోయింది గనుక, సోమవారం పొద్దున వచ్చి ఇదే మనిషి ఎదుట నిలబడి పనిలో చేరాలి.

ఈ సంగతి బావకు ఎవరు మోశారో గాని, టైముతో సహా మోశారు.

"దాని పేజీ తెరువు," అన్నాడు.

"ఎవరి పేజీ, బావగారూ?"

"నాటకాలాడకు. నీ అక్కది. అందులో ఉన్న నా వ్యాసాలన్నీ తీసెయ్. ఒక్కటి మిగిలినా ఊరుకోను."

"అవి ఇద్దరివీ కదండీ..."

చెంప మీద పడింది. కళ్లజోడు ఎగిరి గోడకు కొట్టుకుంది. ఆమె వంగి తీసుకుని పెట్టుకుంది. ఎడమ అద్దం పగుళ్లు తేలింది. అందులోంచి చూస్తే బావలు నలుగురు కనబడుతున్నారు. ఒక్కడితోనే వేగలేక చస్తుంటే!

"పేజీల వ్యవహారానికి ఒక పద్ధతుందండీ," అంది ఆమె, పెదవి మీది నెత్తురు తుడుచుకుంటూ. "మీరు పెట్టిందే."

గోడ మీద ఆ నోటీసు ఉంది, కింద అతని సంతకం. రెండేళ్ల క్రితం బావ పక్కగది ప్రొఫెసరు ఏదో వ్యాసంలో నడిమధ్య పేరు తనదని దాన్ని తన పేజీలోకి ఎక్కించుకుంటే బావ అగ్గిమీద గుగ్గిలమై ఆ రూలు తెచ్చాడు: కొత్తగా జాబితాకు ఎక్కే ఏ వ్యాసాన్నైనా అందులో మొదటి పేరు గలవారి పేజీకి కాక ఇంకొకరి పేజీకి తగిలించాలంటే, ఆ మొదటి పేరు గలవారి సంతకం ఉండాలి. మొదటి పేరు ఎప్పుడూ తన కింద పనిచేసేవాళ్లది, వాళ్ల సంతకం తన జేబులో ఉన్నట్టేనని అతని ధీమా.

"రూళ్లు నీలాంటివాళ్లకి," అన్నాడు బావ. "ఊఁ, తియ్."

"బావగారూ, ఒక్క మాట వినండి. వ్యాసం ఒక్కటే ఉంటుంది. అది అక్క పేజీలోనూ మీ పేజీలోనూ కనబడుతుంది. ఒకే దీపం రెండు అద్దాల్లో కనబడినట్టు. ఇక్కడ చెరిపేస్తే దీపమే ఆరిపోతుంది. మీవి కూడా పోతాయి."

ఈ మాట ఆమె ఊరికే చెప్పలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, రిటైరైన ఒకాయన పేజీ తీసేస్తూ కిందనున్న వ్యాసాలన్నిటికీ టిక్కు పెట్టి చెరిపేసింది. ఆయనతో కలిసి రాసిన ఎనిమిదిమంది జాబితాలు ఒక్క దెబ్బతో ఊడ్చుకుపోయాయి. ఆరు వారాలు పాత పత్రికలు ముందేసుకుని మళ్లీ టైపు చేసింది. అప్పటినుంచి పొద్దున రాగానే, ఇంకే పనీ ముట్టుకోకముందు, మొత్తం జాబితాను ఒక ఫైలుగా దించి, ఇంటి తాళంచెవుల గుత్తికి వేలాడే పెన్‌డ్రైవులో దాస్తుంది. ఈ చివరి ముక్క బావ అడగలేదు కాబట్టి ఆమె చెప్పలేదు.

"నాకే పాఠాలు చెబుతావా?" అంటూ బావ ఆమె కుడిచెయ్యి పట్టుకుని లాగి, టేబులు సొరుగులో పెట్టి, మోకాలితో సొరుగును తన్నాడు.

పెన్సిలు విరిగిన చప్పుడు. అక్క సరిగ్గానే చెప్పింది.

లిస్టమ్మ గొంతులోంచి వచ్చిన అరుపు ఆమెకే కొత్తగా ఉంది. రెండోసారి తన్నాడు. నడిమివేలు, ఉంగరంవేలు ఎటో తిరిగిపోయాయి. జుట్టు పట్టి ఆమెను కుర్చీలోంచి కిందికి ఈడ్చి, తనే కూర్చున్నాడు. అక్క పేజీ తెరిచాడు. నలభై ఒకటికీ టిక్కు పెట్టాడు. తొలగించమంటారా అని తెర అడిగింది. నొక్కాడు. అంతటితో ఆగితే బాగుండేది. చెత్తబుట్ట కూడా వెతికి పట్టుకుని ఖాళీ చేశాడు. పెళ్లయిన పదకొండేళ్లలో అతను చెత్తబుట్ట ఖాళీ చేయడం అదే మొదలు. శాశ్వతంగా పోతాయి, సరేనా అని తెర మళ్లీ అడిగింది. అడిగిందే అడుగుతుంటే అతను కొట్టకుండా వదిలిపెట్టింది లోకంలో ఆ ఒక్క యంత్రాన్నే.

ఆ ముచ్చటా తీరలేదు. పని అవగానే మానిటరు రెండు చేతులా ఎత్తి నేలకేసి కొట్టాడు. "ఇప్పుడు పెట్టు చూద్దాం, మళ్లీ!" అని ఆమె డొక్కలో ఒక తన్ను తన్నాడు. ఇంకో తన్నుకు కాలు ఎత్తాడు.

కాగితాలకు కన్నాలు వేసే ఇనప పంచింగు మిషను పైనుంచి కిందపడి ఆమె ఎడమచేతికి అందేంత దూరంలో ఉంది. నలభై కాగితాలకు ఒకేసారి కన్నం వేస్తుంది. లిస్టమ్మ దాన్ని అందుకుని, లేస్తూనే, బావ దవడ మీద కొట్టింది. అతను టేబులు మీదికి ఒరిగాడు. పన్ను ఒకటి స్టాంపుప్యాడు మీద పడింది. ఎడమచేత్తో ఆమె ఏ పనీ సరిగ్గా చేయలేదని చిన్నప్పుడు అమ్మ తిట్టేది. అమ్మ ఇది చూసి ఉంటే బాగుండేది.

తాళంచెవులు తీసుకుని పరుగెత్తింది. మూడు అంతస్తులు. మెట్ల మీద ఎవరూ లేరు, అందరూ భోజనాలకు పోయారు. వెనక నుంచి, "ఆగవే!" అని కేక, బూట్ల చప్పుడు.

గేటు దగ్గర కాపలా ఉండే ముసలాయన్ని అందరూ తాత అంటారు. తాత ఆమె చేతిని చూశాడు, ఆమె వెనక మెట్ల వైపు చూశాడు. తన గదిలోకి తోసి, ఇనప చువ్వల తలుపు వేసి, లోపలినుంచి గడియ పెట్టాడు.

"కంప్యూటరు పనిచేస్తుందా, తాతా?"

"కెమెరాల బొమ్మలొస్తాయి. నెట్టు కూడా ఉందిలే, నేను క్రికెట్టు చూస్తుంటా. ముందు ఆ చెయ్యి..."

"చెయ్యి ఎక్కడికీ పోదు. టైమెంత?"

"ఒకటీ నలభై."

పెన్‌డ్రైవు గుచ్చింది. నలభై ఒకటీ పైకి ఎక్కించడానికి పది నిమిషాలు. కాని ఎక్కిన వ్యాసం ఎవరి పేజీకీ తనంతట తాను అతుక్కోదు. ఒక్కొక్కటీ తెరిచి, అక్క పేరు వెతికి, టిక్కు పెట్టి, దాచాలి. ఎడమచేత్తో. పగిలిన అద్దంతో. పాసువర్డు కొట్టడానికే మూడుసార్లు పట్టింది.

మొదటి ఇటుక కిటికీ అద్దాన్ని పగలగొట్టుకుని వచ్చింది. రెండోది తాత కనుబొమ్మను చీల్చింది.

"బయటికి రావే! ఒరే ముసలాడా, నీ ఉద్యోగం ఉండదు!"

"ఉద్యోగం సంగతి తర్వాత, బాబూ, ముందు నీ నోట్లో పన్ను ఏదో లెక్క తక్కువున్నట్టుంది, చూసుకో!" అని తాత చువ్వల సందులోంచి లాఠీతో బావ వేళ్ల మీద ఒక్కటిచ్చాడు. బావ లాఠీ పట్టుకుని లాగాడు. ఇద్దరి మధ్యా చువ్వల తలుపు ఊగిపోయింది. పై మడతబందు ఊడింది.

"ఎన్నయ్యాయమ్మా?" అరిచాడు తాత.

"పదహారు!"

"తొందరగా కానీ! నేనేం కుర్రాణ్ని కాదు!"

నెత్తురు కీబోర్డు మీదికి కారుతోంది. అంకెల మీటలు జిగురుగా అంటుకుంటున్నాయి. ఇరవై రెండు. ఇరవై మూడు. ఫోను మోగింది. భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుంది.

"ఒసే బుజ్జీ, రెండున్నరకే పిలుస్తున్నారే, నా ముందు మనిషి రాలేదుట," అంది అక్క. "నా పేజీ ఒకసారి చూశావా? పొద్దున అంతా ఉంది కదూ?"

"ఉంది, ఉంది. అక్కా, ఒక పని చెయ్. లోపలికెళ్లగానే నీ ప్రయోగం గురించి మొదలుపెట్టు. పేజీ దాకా రానివ్వకు. ఇంటికి చుట్టాలొస్తే నన్ను విసిగించేదానివే, అలా చెప్పు."

"అదేంటే, ఎందుకలా ఒగురుస్తున్నావ్?"

"మెట్లు దిగొచ్చాను."

"ఆ చప్పుడేంటి?"

"తాత తలుపు బాగుచేస్తున్నాడు. నువ్వు పో, పిలుస్తారు."

ముప్పై దగ్గర తలుపు కింది మడతబందు కూడా వదిలింది. బావ భుజంతో గుద్దితే తలుపు తాత మీద పడింది. ముసలాయన తలుపు కింద పడి కూడా బావ కాలు రెండు చేతులా కావలించుకున్నాడు. బావ ఆ తల మీద తన్నాడు. ఒకసారి. రెండోసారి. తాత వదల్లేదు. కాలు ఈడ్చుకుంటూనే బావ చెయ్యి చాచి లిస్టమ్మ మెడ పట్టుకున్నాడు. ఆమె కళ్లకు చీకట్లు కమ్ముతున్నాయి. ముప్పై నాలుగు. టిక్కు. దాచు. ముప్పై ఐదు.

మెడ మీది పట్టు ఒక్కసారిగా వదిలింది.

వెనక్కి చూస్తే బావ నేలమీద బోర్లా ఉన్నాడు. అతని వీపు మీద పక్కగది ప్రొఫెసరు కూర్చుని ఉన్నాడు, చేతిలో టిఫిన్ డబ్బా పట్టుకుని. భోజనం ముగించి వస్తున్న ఆయన చూసి, పరుగున వచ్చి, ఆ డబ్బాతోనే బావ నెత్తిమీద మోదాడట. ఆయన తూకం క్వింటాలుకు తగ్గదు.

"పోలీసులకు ఫోను చేశాను," అన్నాడు ఆయన రొప్పుతూ. "మీ పని కానివ్వండి, లిస్టమ్మగారూ. నాకిక్కడ హాయిగానే ఉంది."

బావ కింద గింజుకున్నాడు. ప్రొఫెసరు కాస్త సర్దుకుని, ఇంకా బరువుగా కూర్చున్నాడు.

రెండూ నలభై తొమ్మిదికి నలభై ఒకటోది అతికింది. లిస్టమ్మ అక్క పేజీ తెరిచి, పైనుంచి కిందిదాకా ఒకసారి చూసుకుని, కుర్చీలోంచి జారి తాత పక్కన కూలబడింది. తాతకు స్పృహ ఉంది.

"ఎన్నయ్యాయమ్మా?" అన్నాడు ఉబ్బిన పెదాలతో.

"అన్నీ."

తర్వాత తెలిసింది: అక్క పంతొమ్మిది నిమిషాలు గుక్కతిప్పుకోకుండా ప్రయోగం గురించి చెప్పింది, వాళ్లే ఆపి, ఇక మీ పేజీ చూద్దామండీ అన్నారు, చూశారు. నలభై ఒకటి.

ఉద్యోగం వచ్చింది. అక్క అటునుంచి అటే వెళ్లిపోయింది.

బావను పోలీసులు తీసుకుపోయారు. తాత తలకు పదకొండు కుట్లు, లిస్టమ్మ వేళ్లకు రెండు కడ్డీలు. మూడు వారాలకు బెయిలు మీద బయటికొచ్చిన బావ ఒక ఉత్తరం రాశాడు. సస్పెన్షను మీద విచారణకు పిలిచారట. విచారణ సంఘం అతని పేజీ తెరిచి చూస్తే అందులో ఒకే ఒక్క రచన కనబడిందట: 'వాడిన చేతితొడుగులు ఏ డబ్బాలో వేయవలెను: సూచనలు'. పెళ్లికి ముందు రాసింది, సొంతంగా. మిగతా నలభై ఒకటీ వెంటనే తన పేజీకి తగిలించాలని కోరాడు. ఉత్తరంలో మొదటిసారి లిస్టమ్మను 'గారు' అన్నాడు.

ఆమె తప్పు చేయలేదు. ఆ వ్యాసాల మీద చివరన అతని పేరు అచ్చయినది అచ్చయినట్టే ఉంది. దాన్ని తీసే హక్కు ఎవరికీ లేదు, ఆమెకూ లేదు. కాని అవి కొత్తగా జాబితాకు ఎక్కిన వ్యాసాలు. వాటిని మొదటి పేరు కానివారి పేజీకి తగిలించాలంటే గోడ మీద రూలుంది. ఆమె ఎడమచేత్తో, శ్రద్ధగా, నలభై ఒక్క ఫారాలు నింపి, ఒక్కోదానిలో 'మొదటి పేరు గలవారి సంతకం' అన్నచోట పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టి, అక్కకు పంపి, ఫోను చేసింది.

"అందాయే," అంది అక్క. "ముందు పెట్టుకుని కూర్చున్నాను."

"మరి? పెడతావా?"

అటువైపు కాగితాలు తిరగేసిన చప్పుడు. తర్వాత అక్క నవ్వింది. ఆ మణికట్టు విరిగినప్పటినుంచి లిస్టమ్మ వినని నవ్వు.

"పెట్టనని ఎందుకంటానే? న్యాయంగా పెట్టాల్సిందే," అంది అక్క. "కాకపోతే ఈ మణికట్టు ఇంకా సరిగ్గా తిరగట్లేదు. సంతకం వంకర పోతోంది. డాక్టరుగారు తొందరపడొద్దన్నారు."