చప్పుడు కింద పోయిన గొంతు

చరిత్ర పరిశోధన కేంద్రంలో ఆమె పని చప్పుళ్లు ఏరెయ్యడం. మూతబడ్డ పెంకుల ఫ్యాక్టరీ కార్మికులు చెప్పిన మాటల్ని కంప్యూటర్లో పెట్టి, ఫ్యాను రొద, కుళాయి ధార, వీధిలో హారన్లు తీసేస్తుంది. మాట శుభ్రంగా ఉంటేనే యంత్రం దాన్ని అక్షరాల్లోకి మారుస్తుంది.

ఆ వరసలో బాబాయి ఇంటర్వ్యూ వచ్చింది. రికార్డు చేసిందీ తనే. సమ్మెనాడు ఫ్యాక్టరీ గేటు తాళం తనే తీసిన సంగతి బాబాయి హాల్లో కూర్చుని చెబుతుంటే, అదే ఫ్యాక్టరీలో చేసిన పిన్ని వంటింట్లోంచి అడ్డు తగులుతూనే ఉంది. రెండు గొంతులకూ యంత్రం తికమకపడింది. ఆమె పిన్ని గొంతును కూడా చప్పుడు కింద గుర్తుపెట్టి తీసేసింది. జాగా చాలక అసలు ఫైలూ చెరిపేసింది.

మర్నాటి నుంచి పిన్ని నోరు కదిలేది గాని, మాట వినపడేది కాదు.

ఎవరూ వింతపడలేదు. డాక్టరు గొంతులోకి తొంగి చూసి, "ఈమధ్య రికార్డింగేమైనా శుభ్రం చేశారా?" అన్నాడు.

"మా అత్తగారికీ ఇలాగే అయింది. ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందనుకున్నారు!" అంది పక్కింటావిడ.

బాబాయి నవ్వలేదు. "అసలు ఫైలు ముట్టుకోవద్దని కొత్తవాళ్లకి పాఠాలు చెప్పేది నువ్వే కదే," అన్నాడు. ఆమె తలెత్తలేకపోయింది.

తీసేసిన చప్పుళ్లను యంత్రం కొన్నాళ్లు విడిగా ఉంచుతుంది. అది గుర్తొచ్చి, ఆ చెత్త ఫైలు పట్టుకుని పిన్ని ఇంటికి పరిగెత్తింది. స్పీకరు పెట్టింది. ఫ్యాను రొదలోంచి పిన్ని గొంతు వచ్చింది.

"అలా కాదండీ. గేటు తాళం తీసింది నేను. మీరప్పటికే గోడ దూకి ఇంటికొచ్చేశారు."

ఫైలు ఆగింది. పిన్ని నోరు తెరిచి "అలా కాదండీ" అంది. మాట ఖణీమని వినపడింది. ఆమెకీ పిన్నికీ ప్రాణం లేచొచ్చింది.

కాని ఆ ఫైల్లో ఉన్న మాటలే తిరిగొచ్చాయి, ఇంకొక్కటి రాలేదు. ఆకలేస్తోందా అని బాబాయి అడిగితే, "గేటు తాళం తీసింది నేను," అంటుంది. "అవునే, నువ్వే తీశావు. అందరికీ నేనని చెప్పుకున్నాను," అంటాడాయన, నేల చూపులు చూస్తూ.

"నన్ను తిట్టు పిన్నీ," అని ఆమె ఏడ్చింది.

పిన్ని తన దగ్గరున్న మాటలన్నీ వెతుక్కుంది. వాటిలో తిట్టు లేదు. చివరికి ఒకటి దొరికింది.

"టీ చల్లారిపోతోంది, తాగవే తల్లీ."

రికార్డు చేసిన రోజు ఆ మాటకి ఆమె వద్దన్నట్టు విసుగ్గా చెయ్యి అడ్డం పెట్టింది. ఇప్పుడు లేచి, వంటింట్లోకి వెళ్లి, పొయ్యి మీద నీళ్లు పెట్టింది.